పచ్చడి కూడా కొనుక్కోవాలా?

సంపాదకుల గారికి నమస్కారం.

ఈమధ్య మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది పచ్చడి కూడా కర్రీ పాయింట్ నుంచే తెచ్చుకుంటున్నారు. మేమూ ఓసారి దోసకాయ పచ్చడి తెచ్చుకుంటే మూత తీయగానే పులిసిన వాసన, మొత్తం పారబోశాం. పిల్లలు తినుంటే ఏమయ్యేదోనని ఆ రోజంతా టెన్షనే. అసలు ఇంట్లో పచ్చడికి ఎంత టైమ్ పడుతుందండీ? బీరకాయ కూర చేసిన రోజు పొట్టు పారేయకండి. ముందు కాయ కొరికి చూసి, చేదుగా లేకపోతేనే వాడండి. పొట్టు కడిగి, 2 చెంచాల నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, అదే మూకుట్లో ఐదారు పచ్చిమిరపకాయలు మగ్గించి, నువ్వులు విడిగా చిటపటలాడేదాకా వేయించి పెట్టుకోండి. చల్లారాక మిరపకాయలు, నువ్వులు, జీలకర్ర, ఉప్పు, కాస్త చింతపండు, 2 వెల్లుల్లి రెబ్బలు ముందు నూరి, చివర్లో పొట్టు వేయాలి. పొట్టు ముందే వేస్తే మిరపకాయ సరిగ్గా నలగదు. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పాలి, మెత్తగా పేస్టులా అయితే ఆ రుచే రాదు, కచ్చాపచ్చాగా పంటికి తగలాలి. పైన ఇంగువ పోపు. మా అత్తయ్యగారు ఇప్పటికీ రోట్లోనే నూరతారు, వేడన్నంలో ఆ పచ్చడి, నెయ్యి వేసుకుంటే ఇక కూర జోలికెవరూ పోరు!

మీ ఆదివారం అనుబంధంలో వారానికో పచ్చడి వేయండి. మా గోంగూర, సీమ ఊరిబిండి, తెలంగాణ టమాటా తొక్కు, అన్నీ రావాలి. కొలతలతో సహా వేస్తే కొత్తగా వంట నేర్చుకునేవాళ్లకి పనికొస్తుంది.

– ఒక పాఠకురాలు, గుంటూరు