మాస్టారి కారు పొంగడంలో తప్పు మాదే

మన షెడ్డుకి వచ్చేవాళ్లందరికీ నమస్కారం. ఈ ఏడాది మార్చి తర్వాత మా దగ్గర రేడియేటర్ ఫ్యాన్ మోటారు మార్పించుకున్నవాళ్లు ఇది తప్పకుండా చదవండి. మిగతావాళ్లు తీరికుంటే చదవండి.

మే నెలలో ఒక రిటైర్డు మాస్టారి కారుకి ఫ్యాన్ మోటారు కాలిపోయింది. కంపెనీ మోటారు రావడానికి వారం పడుతుందన్నారు. ఆయనకేమో ఎల్లుండే పెళ్లి ప్రయాణం. విశాఖ నుంచి బయటి మోటారు తెప్పించాను. దాని కప్లరు, అంటే వైర్లు తగిలించే ముక్క, ఈ బండి కప్లరుకి సరిపడలేదు. మా కుర్రాడు రెండు వైర్లూ కోసి, అతికించి, టేపు చుట్టాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. నేను చూసి సరే అన్నాను.

ఆగస్టులో మాస్టారు మళ్లీ వచ్చారు. "బాబూ, ఇక్కడి నుంచి ఆనందపురం దాకా వేడి చూపే ముల్లు కదల్లేదు. మధురవాడ దాటి హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగేసరికి ఎర్రగీత దాకా ఎక్కేసింది. బండి కదిలాక మళ్లీ దిగిపోయింది. ఇదేటి జబ్బు?" అన్నారు. సిగ్నల్ దగ్గర ఏసీ కూడా చల్లగా రావట్లేదని చెప్పారు. గ్యాస్ తగ్గిందేమో అన్నాను.

నిజానికి జబ్బేమిటో ఆయన మాటల్లోనే ఉంది. బండి పరుగెడుతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లారుస్తుంది, ఫ్యానుతో పెద్దగా పనిలేదు. ఆగిందంటే గాలి లాగే భారమంతా ఫ్యానుదే. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ కూడా రేడియేటర్ ముందే ఉంటుంది, దానికీ అదే గాలి. రోడ్డు మీద బాగుండి ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కుతూ, ఏసీ కూడా అక్కడే మొరాయిస్తోందంటే ముందు చూడాల్సింది గాలిని. వాటర్ పంపు బలహీనపడ్డా, రేడియేటర్ లోపల పూడిపోయినా మామూలుగా హైవే మీద తొక్కినప్పుడో, సాలూరు ఘాటు ఎక్కేటప్పుడో ముందు బయటపడుతుంది.

ఇది నాకు తెలియక కాదు. బానెట్ ఎత్తాను, ఫ్యాను తిరుగుతోంది. బావుందనుకుని గాలి సంగతి అక్కడితో వదిలేశాను. మేమే వేసిన మోటారు కదా, మా పనిని అనుమానించడానికి మనసు ఒప్పలేదు. అదీ ఉంది.

ఇంజను వేడెక్కాక కూలెంట్‌ని (ఇంజను చల్లార్చే నీళ్లని) రేడియేటర్‌కి వదిలే థర్మోస్టాట్ మార్చాను, 1,450 రూపాయలు. పాతదాన్ని గిన్నెడు నీళ్లలో వేసి మరిగిస్తే తెరుచుకుంటోందో లేదో కళ్లముందే తెలిసేది. ఆ పని చెయ్యలేదు. మన ఎండలకి థర్మోస్టాట్ అక్కర్లేదని తీసి పారేసే అలవాటు ఇక్కడ చాలా షెడ్లలో ఉంది, ఒకప్పుడు నేనూ తీసినవాణ్ణే. అలా తీస్తే ఇంజను సరైన వేడికి రావడానికే చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ట్రాఫిక్‌లో పొంగడం మాత్రం ఆగదు.

తర్వాత వాటర్ పంపు, కొత్త కూలెంట్ కలిపి 4,600. పాత పంపు చేత్తో ఊపి చూశాను, వదులు లేదు, నీళ్లు కారడమూ లేదు. అయినా మార్చాను. ఈ ఒక్క మాట రాయడానికే నాకు రెండు రోజులు పట్టింది.

చివరికి కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందు తెరిచి శుభ్రం చేశాం, 900. నెల్లిమర్ల రోడ్డులో నార లారీల వెనక తిరిగే బండి అది. పీచు, దాంతోపాటు కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం పొట్టు, అంతా కలిసి గుజ్జులా పట్టేసింది. ఆ పని మాత్రం అవసరమైనదే. మీ బండ్లకీ ఏడాదికోసారి చేయించుకోండి.

అయినా తగ్గలేదు. ఇంజను హెడ్డు కింద ఉండే గ్యాస్కెట్ పోయిందేమో అన్నదాని మీదికి పోయింది నా బుద్ధి. నయమేమిటంటే విప్పే ముందు నీలం మందుతో పరీక్ష చేశాను. ఇంజను పొగ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ మందు పసుపెక్కుతుంది. ఎక్కలేదు. లేకపోతే మాస్టారికి ఇంకెంత బిల్లు వేసేవాణ్ణో.

పైడితల్లమ్మ పండగలో తొలేళ్ల నాడు సాయంత్రం విజయనగరం గంటస్తంభం వైపు జనంలో ఆ కారు మళ్లీ ఆవిర్లు కక్కింది. రాత్రికి ఎలాగో షెడ్డుకి చేర్చారు. మర్నాడు సిరిమాను, షెడ్డు మూత. బుధవారం పొద్దున మా కుర్రాడు ఎప్పటిలా బండ్లకి అగరబత్తులు తిప్పుతున్నాడు. మాస్టారి కారు స్టార్టింగ్‌లోనే ఉంది, ఏసీ వేసి ఉంది. గ్రిల్లు ముందు పొగ లోపలికి పోవాలి కదా, వాడి మొహం మీదికి కొట్టింది. వాడు దగ్గుతూ నా వంక చూశాడు, నేను వాడి వంక చూశాను.

ఒక కాగితం తెచ్చి గ్రిల్లు ముందు పెట్టాను. అతుక్కోవాల్సింది ఎగిరి కింద పడింది. ఫ్యాను వెనక్కి తిరుగుతోంది. ప్లస్, మైనస్ తారుమారు చేసి అతికించాం. డీసీ మోటారు ఎటు ఇస్తే అటు తిరుగుతుంది, దానికేం తెలుసు? రెక్కల వంపు ఒకవైపు తిరగడానికే చేసింది కాబట్టి వెనక్కి తిరిగితే గాలి తక్కువ వస్తుంది. వచ్చేది కూడా ఇంజను మీదుగా కాగిన గాలి.

వైర్లు మార్చడానికి పది నిమిషాలు. ఏసీ ఆపి, స్కానర్ పెట్టి, అరగంట నిలబెట్టి చూశాం. 97 డిగ్రీల దగ్గర ఫ్యాను అందుకుని 92కి దించి ఆగింది. అప్పటి నుంచి ముల్లు సగం దాటలేదు.

మాస్టారికి 6,050 తిరిగి ఇచ్చేశాను. శుభ్రం చేసిన 900 ఉంచుకోమని ఆయనే అన్నారు. కుర్రాణ్ణి ఏమీ అనలేదు. సరే అన్నవాణ్ణి నేను.

పుస్తకం తీసి చూస్తే, మార్చి నుంచి ఇలా వైరు కోసి వేసిన మోటార్లు ఇంకో 6 ఉన్నాయి. ఆ ఆరుగురికీ ఫోన్ చేస్తున్నాను, ఇద్దరు ఎత్తలేదు. ఇకనుంచి కప్లరు కలిసే మోటారు దొరికితేనే వేస్తాం. తప్పనిసరై వైరు కోస్తే కాగితం అతుక్కున్నాకే బండి బయటికి వెళ్తుంది. మార్చిన పాత పార్టు మీరు అడక్కపోయినా డిక్కీలో పెడతాం.

ఈలోగా ఎవరి బండైనా దారిలో పొంగితే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టి, పక్కకి తీయండి. ఎండలో హీటరంటే నరకమే, కానీ ఇంజను వేడి కొంత అటు పోతుంది. ఆవిర్లు వస్తుంటే ఇంజను ఆపేయండి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద ముట్టుకోవద్దు, లోపల ఒత్తిడికి మరుగు నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి.

మార్చి తర్వాత ఫ్యాన్ మోటారు మార్పించుకున్నవాళ్లు బండి తెచ్చి ఈ కాగితం పరీక్ష చేయించుకోండి. దానికి డబ్బులు తీసుకోం, ఐదు నిమిషాల పని. ఆదివారం తప్ప రోజూ పొద్దున తొమ్మిది నుంచి ఉంటాం. వచ్చాక ఇంజను ఆపెయ్యకండి, ఫ్యాను తిరుగుతుండగానే చూడాలి.