వృత్తి సంఘ సభ్యత్వం గురించి

గ్రూప్ సభ్యులైన డాక్టర్లకు నమస్కారం.

ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో ఒంటరిగా క్లినిక్ నడుపుతున్న మన మిత్రులు కొందరు, ఏ సంఘంలోనైనా చేరితే చందా కట్టడం తప్ప ఒరిగేదేమిటని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే.

2002 నాటి వైద్య వృత్తి నియమావళి అయిదేళ్లలో కనీసం 30 గంటల నిరంతర వైద్య విద్యను ప్రతి వైద్యుడికీ నిర్దేశించింది. 1928లో ఏర్పడిన ఇండియన్ మెడికల్ అసోసియేషన్ శాఖలు నిర్వహించే సదస్సులు ఆ అవసరాన్ని చాలావరకు తీరుస్తాయి. అయితే గంటల లెక్క కన్నా అక్కడ జరిగే చర్చే నా దృష్టిలో విలువైనది. తగ్గని జ్వరంతో వచ్చిన రోగి చంకలోనో గజ్జల్లోనో నల్లటి పెచ్చు కనిపిస్తే, చిన్న పురుగుల కాటుతో సోకే స్క్రబ్ టైఫస్ జ్వరాన్ని అనుమానించి, పరీక్షల ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మొదలుపెట్టాలన్న సంగతి, పుస్తకంలో చదివినప్పటికన్నా తోటి వైద్యుడు తన కేసును వివరించినప్పుడు బాగా గుర్తుంటుంది.

వైద్య సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన నాటి నుంచి, ఫిర్యాదు ఎదురైనప్పుడు రికార్డులు ఎలా సమర్పించాలో, ఎవరిని సంప్రదించాలో చెప్పే అనుభవజ్ఞులు అందుబాటులో ఉండడం చిన్న విషయం కాదు. సభ్యత్వం మాత్రం బీమాకు ప్రత్యామ్నాయం కాదు. వృత్తిపరమైన బీమా ఎవరికి వారు తీసుకోవలసిందే.

కుటుంబ వైద్యానికే పరిమితమైన వేదిక కోరుకునేవారు అకాడమీ ఆఫ్ ఫ్యామిలీ ఫిజీషియన్స్ ఆఫ్ ఇండియాను కూడా పరిశీలించవచ్చు. చేరే ముందు చందా, అర్హత వివరాలను ఆయా సంఘాల కార్యాలయాల్లో నేరుగా కనుక్కోవలసిందిగా మనవి.