తలకు కరెంటు చికిత్సపై నిఘా ఏదీ?
కర్నూలులో కొన్ని ఫిజియోథెరపీ కేంద్రాలు పక్షవాత రోగుల తలకు స్వల్ప కరెంటు పెట్టి, చెయ్యి తప్పక లేస్తుందని ఆశపెడుతున్నాయి. అంత గట్టి రుజువు ఇంకా లేదు. సాధారణంగా 1 నుంచి 2 మిల్లీఆంపియర్లు, 20 నిమిషాలు ఇస్తారు. దాంతోపాటు చేతికి వ్యాయామం చేయించాలి. ఇక్కడ రోగిని ఊరికే కూర్చోబెడుతున్నారు! కరెంటు పలకకూ తలకూ మధ్య పెట్టే ఉప్పునీటి స్పాంజి ఆరితే కరెంటు ఒక్కచోటే చేరి చర్మం కాలుతుంది. అది నీళ్లు కారేంత తడిస్తే కరెంటు జుట్టు మీదుగా పక్కకు పోతుంది. మూర్ఛలు ఉన్నాయా, తలలో లోహపు క్లిప్పులున్నాయా అని అడిగేవారే లేరు. న్యూరాలజిస్టు చీటీ లేనిదే ఈ చికిత్స చేయకుండా జిల్లా వైద్యాధికారులు కట్టడి చేయాలి. చేతి పట్టును ముందూ తర్వాతా కొలిచి రోగి కాగితంలో రాయించాలి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వాసుపత్రుల్లో రోజూ ఫిజియోథెరపీ అందేలా చూడటం అంతకంటే ముందు జరగాలి.
– ఒక ఫిజియోథెరపిస్టు, కర్నూలు