నాగమణి చేత ఒక పని చేయించు

చి. బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఏడు అధ్యాయాలూ ప్రింటు తీయించుకుని చదివాను. పోలవరం ముంపు ఊళ్ళ మీద నా కూతురు నవల రాస్తోందంటే నాకెంత సంతోషమో చెప్పలేను. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం చుట్టుపక్కల బళ్ళలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పినదాన్ని. ఆ ఊళ్ళు నీ పుస్తకంలోనైనా మిగలాలి. అందుకే నచ్చని సంగతి దాచిపెట్టకుండా రాస్తున్నాను.

నది, చింతతోపు, మిరప కల్లం అన్నీ కళ్ళకు కట్టాయి. నీ కథానాయిక నాగమణి మాత్రం కనపడలేదు. సర్వే వాళ్ళు వస్తారు, చూస్తూ ఉంటుంది. నాన్న సంతకం పెడతాడు, చూస్తూ ఉంటుంది. సామాను ట్రాక్టర్ ఎక్కిస్తారు, ఏడుస్తుంది. ఇన్ని పేజీల్లో ఆ పిల్ల తనంతట తాను చేసిన పని, తప్పిపోయిన మేకపిల్లను చీకట్లో వెతికి తేవడం ఒక్కటే. నేను పక్కన పెట్టకుండా చదివింది కూడా ఆ భాగమే.

"దాని చేతిలో ఏముందమ్మా, అంతా ఆఫీసర్ల చేతుల్లోనే కదా" అన్నావు మొన్న ఫోన్‌లో. నిజమే, ప్రాజెక్టును ఆపడం నాగమణి వల్ల కాదు. అంతమాత్రాన ఆ పిల్లకు కోరికే లేకుండా పోతుందా? తనకేం కావాలో తెలిసి, దానికోసం ఒక అడుగు వేసి, ఆ అడుగు వల్ల ఇంట్లో గొడవ మొదలైతే చాలు, నవల నడుస్తుంది. మొక్కపాటి వారి 'బారిస్టర్ పార్వతీశం' నవలలో మొగల్తూరు, నరసాపురం దాటి ప్రపంచం తెలియని పార్వతీశం ఇంట్లో చెప్పకుండా ఇంగ్లండు బయల్దేరాడు. అతనికీ ఏ అధికారమూ లేదు, వెళ్ళాలన్న పట్టుదల తప్ప. గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావును నువ్వు నాకు అడ్డం వేస్తావని తెలుసు. అసమర్థుడే, కానీ ఆ మనిషి బుర్ర క్షణం ఊరుకోదు. తనను తాను తవ్వుకుంటూనే ఉంటాడు, కనపడినవాళ్ళతో వాదిస్తూనే ఉంటాడు. నాగమణి లోపల అలాంటి రొద కూడా లేదు. అదీ నా బాధ.

నాలుగో అధ్యాయంలో గ్రామసభ ఉంది చూడు, అక్కడ మొదలుపెట్టు. పరిహారం జాబితా చదువుతుంటే నాగమణి ఆడవాళ్ళ వెనక కూర్చుని ఏటివైపు చూస్తూ ఉంటుంది. చూడనివ్వకు, విననివ్వు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, పెద్దవాళ్ళయిన పిల్లలను, ఆడైనా మగైనా, పెళ్ళయినా కాకపోయినా, వేరే కుటుంబంగా లెక్కించాలి. అంటే 18 నిండితే ఆమెకూ సొంతంగా పునరావాస ప్యాకేజీ రావాలి. అన్న పేరు విడిగా చదివారు. తన పేరు రాలేదు. లేచి అడుగుతుంది. వయసు రుజువు తెమ్మంటారు. స్టడీ సర్టిఫికెట్ కోసం బడికి వెళ్తుంది.

అక్కడే నీకు కథ దొరుకుతుంది. పుట్టిన తేదీ తెలియని పిల్లలకు బడిలో చేర్చేటప్పుడు జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేసే అలవాటు చాలా చోట్ల ఉండేది. ఆ పాత అడ్మిషన్ రిజిస్టర్లు నా కళ్ళ ముందే ఉన్నాయి. అట్ట ఊడిపోయి, పురికొసతో కట్టి, బీరువా అడుగున పడి ఉండేవి. పేజీ తిరగేస్తే వరసగా జూన్, జూన్, జూన్. నాగమణి నిజానికి పుట్టింది సంక్రాంతి ముందు. రిజిస్టర్లో మాత్రం జూన్. ప్యాకేజీకి వయసు లెక్కగట్టే కటాఫ్ తేదీ నాటికి కాగితం మీద ఆమెకు 18 నిండలేదు.

ఇప్పుడు ఏం చేస్తుంది? ఊరుకుంటే నీ పాత నవలే. ఊరుకోకపోతే తేదీ సరిచేయించుకోవడానికి రుజువులు వెతకాలి, మండలాఫీసు చుట్టూ తిరగాలి. "నీ ఒక్కదాని కోసం అందరి ఫైలూ ఆగిపోతుంది" అని అన్న అరుస్తాడు. నాన్న మాట్లాడడు. అప్పులవాడు రోజూ గుమ్మంలో కూర్చుంటున్నాడు. అన్న మాటలోనూ న్యాయం ఉండాలి బుజ్జీ, అతన్ని దుర్మార్గుణ్ణి చెయ్యకు.

వరద అధ్యాయం కూడా ఇలాగే చూసుకో. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని రాశావు. సరిగ్గానే ఉంది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిందనీ రాశావు. ఆ అంకెలన్నీ టీవీలో చెప్పినట్టు వచ్చి వెళ్ళిపోయాయి. ఒక్కో హెచ్చరిక దగ్గరా నాగమణి ఏదో ఒకటి తేల్చుకోవాలి. మొదటిదానికి గొడ్లను మెరక మీదికి తోలుతుంది. రెండోదానికి నాయనమ్మ కదలనంటుంది, ఆమెతో ఉండిపోతుంది. ఈలోగా గోదావరి పోటుకు శబరి ఎగదన్ని దారి మూసుకుపోతుంది. ఉండిపోవడం తప్పే కావచ్చు, తప్పు నిర్ణయమైనా ఆమె తీసుకున్నదైతే నేను పేజీ తిప్పుతాను.

ఇక నీ టెన్షన్ సంగతి. ఆఫీసు, నవలల పోటీ గడువు, సంక్రాంతి సంచికకు కథ, ఆ పిల్లల పుస్తకం అనువాదం, వీటి మీద నవంబరులో 50,000 మాటలు రాసెయ్యాలన్న పంతం. రోజుకు 1,667. ఆ లెక్క నానోరైమో అనే నవంబరు నవలల సవాలుది, ఇంగ్లీషులో రాసేవాళ్ళ కోసం పెట్టింది. మనం ఒక్క క్రియలో నాలుగు సంగతులు ఇరికిస్తాం, మనకు ఆ అంకె చాలా ఎక్కువ. దాన్ని అందుకోవాలన్న తొందరలోనే వర్ణనలు సాగదీశావని నా అనుమానం. ఆరో అధ్యాయంలో వాన మూడు పేజీలు కురిసింది.

మాటలు లెక్కపెట్టడం మానెయ్. కూర్చున్న ప్రతిసారీ, ఈ పూట నాగమణి ఏం తేల్చుకుంది, దానివల్ల ఎవరికి కోపం వచ్చింది అని నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాసుకుని మొదలుపెట్టు. ఆ వాక్యం దొరకని రోజు నవల ముట్టుకోకు, అనువాదం చేసుకో. అలసిపోయి ఆఫీసు నుంచి వచ్చాక కూడా అది చెయ్యొచ్చు. నవలకు మాత్రం పొద్దున్నే, ఫోన్ చూడకముందు కూర్చో. సంక్రాంతి కథ వదులుకో. ఇవ్వలేనని ఎడిటర్ గారికి ఇవాళే చెప్పు, ఆఖరి నిమిషంలో చెబితే ఆయన ఇబ్బంది పడతారు. పోటీ గడువు దాటిపోతే దాటిపోనీ. సగం ఉడికిన నవల పంపడం నాకిష్టం లేదు.

మొదటి మూడు అధ్యాయాలు ఇప్పుడే తిరగరాయకు. గ్రామసభ నుంచి ముందుకు వెళ్ళు. ఆమె ఎలాంటి పిల్లో తేలాక వెనక్కి వచ్చి చూసుకోవచ్చు. మార్జిన్లలో పెన్సిల్‌తో గీసిన కాగితాలు కొరియర్లో పంపుతున్నాను.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు నాకు ఒక్క సంగతి చెప్పాలి. రిజిస్టర్లో జూన్ అని చూశాక నాగమణి ముందు ఎవరి దగ్గరికి వెళ్తుంది? పుట్టినప్పుడు చూసిన మంత్రసాని దగ్గరికా, అంగన్‌వాడీ టీచర్ దగ్గరికా, నాన్న దగ్గరికా? నాకైతే మంత్రసాని అనిపిస్తోంది. కానీ ఆవిడ అప్పటికే పునరావాస కాలనీకి వెళ్ళిపోయి ఉండాలి.

ప్రేమతో,
అమ్మ