జింకు పూత వేసిన కంప్రెషన్ స్ప్రింగులు విరిగిపోవడంపై ఫిర్యాదు

నాణ్యతా విభాగాధిపతి గారికి,

అయ్యా,

మీరు ఇటీవల సరఫరా చేసిన జింకు పూత కంప్రెషన్ స్ప్రింగులలో చాలా వరకు, యంత్రంలో బిగించి నొక్కి ఉంచిన మరునాటికే, ఒక్కసారి కూడా పనిచేయకముందే విరిగిపోయాయి. దీనిపై మీ ఇంజనీరు గారు భారం ఎక్కువైందని జవాబిచ్చారు. ఆ జవాబును మేము అంగీకరించలేకపోతున్నాము.

భారం మితిమీరితే స్ప్రింగు సాధారణంగా కుంగి, ఫ్రీ లెంగ్త్ (భారం లేనప్పటి పొడవు) తగ్గుతుంది. మా వద్ద విరిగిన ముక్కలను కలిపి చూస్తే ఎక్కడా కుంగిన జాడ లేదు. పైగా మేము నొక్కిన స్థితిలో చుట్టుకూ చుట్టుకూ మధ్య ఇంకా ఖాళీ ఉంది. పగులు ప్రతిసారీ చుట్టు లోపలి అంచున, అంటే ఒత్తిడి అత్యధికంగా ఉండే చోటనే మొదలైంది. తీగ మందం, చుట్ల సంఖ్య, చివరల గ్రైండింగ్ అన్నీ డ్రాయింగు ప్రకారమే ఉన్నాయి కాబట్టి డిజైనును తప్పుపట్టడానికి ఆధారం లేదు.

అధిక కార్బన్ ఉక్కు తీగను ఆమ్లంలో శుభ్రపరచి, విద్యుత్తుతో జింకు పూత వేసేటప్పుడు హైడ్రోజన్ లోహంలోకి చొరబడుతుందనీ, దానిని వెళ్లగొట్టకపోతే బిగువులో ఉన్న ఉక్కు కొన్ని గంటలు ఆగి పుటుక్కున తెగుతుందనీ ఈ వృత్తిలో ఉన్నవారికి మేము చెప్పనక్కరలేదు. అందుకే పూత వేసిన 4 గంటల్లోపు 190 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ వద్ద బేకింగ్ (హైడ్రోజన్‌ను వెళ్లగొట్టేందుకు కొలిమిలో వేడిచేయడం) చేయాలని మా ఆర్డరులో స్పష్టంగా రాశాము. మీరు జతపరచిన తనిఖీ పత్రంలో కొలతలన్నీ దశాంశాలతో సహా ఉన్నాయి గానీ, బేకింగ్ గడి మాత్రం ఖాళీగా ఉంది.

మిగిలిన సరుకును వెనక్కి తీసుకుని ఇప్పుడు బేకింగ్ చేసి పంపుతామన్న మీ ప్రతిపాదనకు కూడా మేము సమ్మతించము. ఆలస్యంగా వేడిచేసినంత మాత్రాన అప్పటికే పడిన సూక్ష్మమైన పగుళ్లు పూడవు. అటువంటి స్ప్రింగు పైకి ఎంత నిగనిగలాడినా దానిని నమ్మి బిగించలేము.

కావున ఈ లాటు మొత్తాన్ని మీ ఖర్చుతో వాపసు తీసుకుని, కొత్తగా చుట్టిన స్ప్రింగులను, పూత ముగిసిన సమయమూ కొలిమిలో పెట్టిన సమయమూ చూపే రికార్డుతో పంపవలసిందిగా కోరుతున్నాము. విద్యుత్తు అవసరం లేని జింక్ ఫ్లేక్ (సన్నని జింకు రేకుల) పూతను మీరు సూచించినా పరిశీలిస్తాము. విరిగిన నమూనాలను ఈ లేఖతో పంపుతున్నాము. మీ రాతపూర్వక సమాధానం అందేవరకు ఈ లాటు బిల్లు చెల్లింపును నిలిపివేస్తున్నాము.

ఇట్లు,
కొనుగోలు విభాగం