మిసెస్ డోయల్ టీ

డబ్లిన్

అమ్మా,

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? ఇక్కడ వారం నుంచి ఒకటే ముసురు. ఆఫీసు నుంచి రాగానే పక్కింటి పెద్దావిడ దగ్గర చేరి టీవీ చూస్తున్నాను.

ఆవిడ చూపిస్తున్నది ‘ఫాదర్ టెడ్’ అనే పాత కామెడీ సీరియల్. ఓ మారుమూల దీవి, ఒక ఇల్లు, అందులో ఒకరిని మించిన ఒకరు ముగ్గురు ఫాదర్లు, వాళ్లకి వండిపెట్టే మిసెస్ డోయల్. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ టీ తాగించందే వదలదు. వద్దంటే వినదు, “తాగండి, తాగండి, తాగండి” అని ప్రాణం తోడేస్తుంది. అచ్చం మన పెద్దత్తయ్యే! ఓ క్రిస్మస్‌కి ఫాదర్ టెడ్ ఆవిడకి టీ కాచే మిషను కొనిస్తాడు. ఇక టీ పెట్టే బాధ తప్పిందంటే ఆవిడ మొహం మాడిపోతుంది. ఆ బాధే నాకిష్టమేమో అంటుంది. మనింటికి గ్రైండర్ వచ్చిన రోజు నువ్వు రుబ్బురోలు పక్కన నిలబడి చూసిన చూపు గుర్తొచ్చింది.

పెద్దావిడ నవ్వుతూనే వాళ్ల దేశపు సొంత టీవీ, రేడియో సంస్థ ఆర్టీఈని తిడుతుంది. రాసినవాళ్లు, నటించినవాళ్లు ఐర్లండ్‌వాళ్లు, తీయించింది మాత్రం లండన్‌లోని ఛానల్ 4. టెడ్‌గా వేసిన డెర్మాట్ మోర్గన్ అంతకుముందు ఆర్టీఈ రేడియోలో నాయకుల గొంతులు అనుకరించి ఆడుకునేవాడు. 1991లో అది ఆగిపోయింది. నాయకులకి భయపడే ఆపారని ఈవిడ గట్టి నమ్మకం. పోనీ ఆర్టీఈకి ఈ కథ తట్టలేదా అంటే, 80ల్లోనే ఫాదర్ల ఇల్లు, వంటావిడతో ‘లీవ్ ఇట్ టు మిసెస్ ఓబ్రయన్’ తీసింది. ఆ పేరెత్తితే చాలు, ఈవిడ ‘వద్దు బాబోయ్’ అని దండం పెట్టేస్తుంది. నాకేమో తప్పంతా ఆర్టీఈదే అనిపించదు. 1992లో, పెళ్లే చేసుకోకూడని ఒక క్యాథలిక్ బిషప్‌కి కొడుకున్నాడని బయటపడ్డాకే కదా జనానికి చర్చి అంటే బెరుకు తగ్గింది!

1995 నుంచి 1998 దాకా మొత్తం 25 ఎపిసోడ్లే. చివరిది షూటింగ్ అయిన మర్నాడే మోర్గన్ గుండెపోటుతో పోయాడు. 45 ఏళ్లు. అది చెప్పి పెద్దావిడ కాసేపు టీవీ ఆపేసింది.

ఆ తర్వాత ‘మిసెస్ బ్రౌన్స్ బాయ్స్’ పెట్టింది. మగాయన ముసలమ్మ వేషం, అన్నీ బూతులే. పేపర్లవాళ్లు ఎంత తిట్టినా జనం ఎగబడి చూశారు. నాకు నవ్వు రాలేదు గానీ నాన్నకి నచ్చుతుందనుకుంటా.

ఉంటానమ్మా. గోడ మీద తడుతోంది. ఈ సాయంత్రానికి ఇది మూడో టీ.

నీ చిన్నమ్మాయి