టార్చి సెల్ కొనేటప్పుడు ఆంప్స్ కూడా అడగండి

సంపాదకుల వారికి,

రాత్రిపూట పొలాలకు వెళ్ళేవాళ్ళ కోసం టార్చిలైట్ల మీద మీ పత్రికలో వేసిన వ్యాసం చదివాను. చాలావరకు బాగుంది. ‘ఎంఏహెచ్ ఎంత ఎక్కువుంటే ఛార్జింగ్ సెల్ అంత మంచిది’ అన్న మాట మాత్రం నాకు మింగుడు పడలేదు. ఎంఏహెచ్ అంటే సెల్ ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే లెక్క. చెన్నై రిచీ స్ట్రీట్‌లో టార్చిలైట్లు రిపేరు చేసుకుని బతుకుతున్నవాణ్ణి. ఆ మాట నమ్మినవాళ్ళు ఏం కొనుక్కొస్తారో రోజూ చూస్తూనే ఉన్నాను.

మా కొట్టుకి మనవాళ్ళు బాగానే వస్తారు. సూళ్ళూరుపేటలో లోకల్ ఎక్కి సెంట్రల్‌లో దిగి నడిచి వచ్చేస్తారు. ఎక్కువమంది రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్ళు, రాత్రి కరెంటుకి మడికి నీళ్ళు కట్టేవాళ్ళు. మొన్న గూడూరు ఆయనొకడు “కాసేపటికే చెయ్యి కాలిపోతా ఉంది, చూడన్నా” అని టార్చి చేతిలో పెట్టాడు. మూత తిప్పి సెల్ తీస్తే దాని మీద 9900 అని పెద్ద అక్షరాలు. బల్ల మీదున్న చిన్న కాటాలో వేశాను. ముప్పై గ్రాములు కూడా తూగలేదు.

ఈ టార్చిల్లో వేసే సెల్ సైజు పేరు 18650, అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. పేరున్న కంపెనీల సెల్స్ కూడా ఆ గొట్టంలో చాలావరకు 3500, 3600 ఎంఏహెచ్ దగ్గరే ఆగుతాయి. 9900 అనేది స్టిక్కరు మీద తప్ప ఎక్కడా లేదు. అసలు సరుకు 45 నుంచి 50 గ్రాముల దాకా తూగుతుంది. నకిలీల్లో చిన్న సెల్ ఒకటి దాచి, మిగతా ఖాళీని తెల్లపొడితో నింపినవి కూడా బయటపడ్డాయి. పాత లాప్‌టాప్ ప్యాకుల్లోంచి పీకి కొత్త స్లీవ్ (పైన తొడిగే ప్లాస్టిక్ తొడుగు) వేసినవైతే కాటాకి కూడా దొరకవు.

పోనీ సెల్ అసలుదే అనుకుందాం. పవర్ ఎక్కువున్న టార్చి ఒక్క సెల్ నుంచే ఎనిమిది, పది ఆంప్స్ లాగుతుంది. ఆంప్స్ అంటే ఒక్కసారిగా ఎంత కరెంటు పారుతుందో చెప్పే లెక్క. 3400 ఎంఏహెచ్ సెల్స్‌లో కొన్ని అయిదారు ఆంప్స్ దగ్గరే ఆగిపోతాయి. 3000 సెల్స్‌లో 15 ఆంప్స్ ఇచ్చేవి ఉన్నాయి. చెరువులో నీళ్ళు ఎన్నున్నా తూము ఇరుకైతే ఏం లాభం? అందుకే టార్చి ఎన్ని ఆంప్స్ లాగుతుందో, సెల్ ఆగకుండా ఎన్ని ఇవ్వగలదో రెండూ అడగాలి. చెప్పలేని కొట్లో కొనొద్దు. మన దేశంలో అమ్మే లిథియం సెల్‌కి బీఐఎస్ (సరుకుల నాణ్యత ప్రమాణాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఐఎస్ 16046 అనే ప్రమాణం నంబరూ, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆ నంబరు కూడా దొంగది అచ్చేసే ఘనులున్నారు కాబట్టి బిల్లు కూడా తీసుకోవాలి.

ప్రొటెక్టెడ్ సెల్‌లో చిన్న సర్క్యూట్ ఉంటుంది. షార్ట్ అయినా, ఛార్జి ఎక్కువైనా, మరీ అడుగంటినా అది ఆపేస్తుంది. దానివల్ల సెల్ పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. టార్చిలో పట్టడం లేదని మూతని బలవంతంగా బిగించకూడదు.

రెండు సెల్స్ ఒకదాని వెనక ఒకటి వేసే టార్చిలంటేనే నాకు టెన్షన్. ఒకటి పాడైతే ఆ ఒక్కటే మార్చమంటారు జనం. కొత్తదీ పాతదీ కలిపి వేస్తే పాతది ముందే ఖాళీ అవుతుంది. టార్చి ఇంకా వెలుగుతూ ఉంటే ఆ ఖాళీ సెల్ గుండా కొత్తది బలవంతంగా కరెంటు నడిపిస్తుంది, దాని ప్లస్, మైనస్ తిరగబడే దాకా పోవచ్చు. లోపల వేడెక్కి గ్యాస్ పుడుతుంది. నీళ్ళు చొరకుండా రబ్బరు రింగులేసి బిగించిన గొట్టం కదా, ఆ గ్యాస్ ఎటు పోతుంది? పేలొచ్చు. ఒకే కంపెనీవి, ఒకే రకానివి, ఒకేసారి కొన్న జతే వెయ్యాలి. మార్చితే రెండూ మార్చాలి.

స్లీవ్ చిరిగిన సెల్ అసలు వాడొద్దు. సెల్ రేకు డబ్బా ఒళ్ళంతా మైనస్సే, ప్లస్ బొడిపె దాకా వచ్చిన అంచు కూడా. మధ్యలో అడ్డం సన్నటి రింగు ఒక్కటే. విడి సెల్‌ని తాళాలతో పాటు జేబులో వేసుకు తిరిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బా చాలు కదా.

మీ వ్యాసానికి సవరణ వేస్తారని ఆశ. చోటు చాలకపోతే నా ఉత్తరంలో మిగతాదంతా కత్తిరించండి, రెండు సెల్స్ సంగతి మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక టార్చిలైట్ల మెకానిక్,
రిచీ స్ట్రీట్, చెన్నై